అల్పవ్యయము, అనల్పకోపము

వారమంతయు కార్యాలయమునకును ఇంటికిని నడుమ పరుగులిడి, ఆదివారము సాయంకాలమున ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని సినిమాకో, షికారుకో, మిఠాయి దుకాణము మీదుగా చుట్టాల ఇంటికో వెడలి, రాత్రి పది గంటల వేళ ఇల్లు చేరి గుమ్మము ముందు చెప్పులు విడుచుచున్న నగరవాసిని, "ఎట్లా ఉందండీ సినిమా?" అని పొరుగింటాయన పలుకరించినాడనుకొనుడు. ఆయన నోట నాయకుని అభినయము మాట రాదు, పాటల మాట రాదు. మొట్టమొదట వచ్చునది మంచినీళ్ల సీసా ధర; దాని వెనుక బండి నిలుపుటకు గుంజిన రుసుము; ఆ వెనుక చిల్లర లేదని రెండు చాక్లెట్లు చేతిలో పెట్టిన దుకాణదారుని నిర్వాకము. ఈ మూడును సాంగోపాంగముగ వినిపించిన పిమ్మట, "సినిమాదేముంది లెండి, బాగానే ఉంది" అని ఒక్క ముక్క.

ఆయన వెచ్చించిన మొత్తమును కాగితము మీద వేసి చూచినచో, టిక్కెట్లకును ఫలహారమునకును పెట్రోలునకును కలిసి రెండు వేల రూపాయలైనవి. కోపమునకు హేతువైన భాగము మాత్రము నూరు రూపాయలు మించదు. అయినను ఆ నూరు రూపాయలు తక్కిన పందొమ్మిది వందల రూపాయల సంతోషమును నిశ్శేషముగ మ్రింగివైచినవి. వ్యక్తిత్వ వికాసమును గూర్చి వ్రాయువారు క్రోధమును జయింపుడని ఉపదేశించి, దీర్ఘముగ శ్వాస తీయుమనియు, పదివరకు లెక్కపెట్టుమనియు చెప్పుదురు. ఆ ఉపాయములను నేను తూలనాడను గాని, అంగడి ముందు నిలిచిన మనిషికి అవి చాలవని నా నిశ్చయము. ఆతడు లెక్కింపవలసినది తనకు న్యాయముగ రావలసినది ఎంత అనుదానిని. అది తెలిసినవాడు మెల్లగ అడుగును. లభింపనిచో ఏమి చేయవలెనో ఎరిగి ఇంటికి పోవును. తెలియనివాడు పెద్దగ అరచి, కడకు అడిగినంతయు ఇచ్చి, మూడు దినములు తనలో తాను ఉడుకుచుండును. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఇంతమాత్రమే. తక్కినదంతయు దీనికి వివరణము.

ముందుగా ఒక వింతను గమనింపుడు. నాంపల్లి మైదానమున ఏటేట జనవరి 1వ తేదీన తెరచి ఫిబ్రవరి నడుమ వరకు సాగు నుమాయిష్‌ను ఎరుగని హైదరాబాదువాసి ఉండడు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనముగ మొదలై, 1946లో ఇప్పటి స్థలమునకు మారిన ఆ ప్రదర్శనశాలలో, శాలువలు పరచుకొని కూర్చున్న కాశ్మీరు వర్తకుడు తన హిందీలో పదునైదు వందలనును. మన గృహిణి తన తెలుగులో ఐదు వందలనును. అతడు నొసలు కొట్టుకొనును. ఆమె పిల్లవాని చేయి పట్టుకొని నాలుగడుగులు ముందునకు సాగును. వెనుకనుండి "బెహన్‌జీ" అన్న పిలుపు వచ్చును. ఎనిమిది వందల దగ్గర సంధి కుదురును. ఆ శాలువ నిజమైన విలువ ఆరువందలే కావచ్చును. ఆ సందేహము ఆమెకును లేకపోలేదు. అయినను ఆమె మిరపకాయ బజ్జీలు తినుచు, పిల్లవానిని రంగులరాట్నము ఎక్కించుచు, ఏడువందలు మిగిల్చితినను విజయగర్వముతో ఇల్లు చేరును. ఆమెయే మరునాడు ఇంటి ప్రక్క కొట్టున, కూల్‌డ్రింకు సీసామీద అచ్చువేసిన ధరకు పైన రెండు రూపాయలు "ఫ్రిజ్‌లో పెట్టినందుకు" ఇమ్మన్నచో నిప్పులు చెరగును.

రెండు వందలు పోగొట్టుకొని నవ్వినామె రెండు రూపాయలకు ఏల మండిపడినది? నుమాయిష్‌లో ధర ఇరువురును నియమములెరిగి ఆడు ఆట; కొట్టులోని ధర అచ్చువేసి ఇచ్చిన మాట. ఆటలో ఓడినవానికి అంతగా కోపము రాదు గాని, మాట తప్పినవానిమీద రాక మానదు. చట్టము కూడ ఈ విషయమున ఆమె పక్షముననే ఉన్నది. పొట్లముమీద ముద్రించు గరిష్ఠ చిల్లర ధర, మనము ఎమ్మార్పీ అనునది, అన్ని పన్నులును కలుపుకొన్న ధర. దుకాణదారుడు దానికి తగ్గించి అమ్మవచ్చును గాని, చల్లదనము పేరనో, మరియొక పేరనో పైసయైనను పెంచి అమ్మరాదు. కావున చేతికి సంచియో, రసీదో వచ్చినపుడు నగరవాసి తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న ఒకటే: ధర ముందే తెలిసి, వలదని తిరిగిపోవుటకు నాకు స్వేచ్ఛ ఉన్నదా, లేక నాకిచ్చిన మాట ఒకటి తప్పినారా? మొదటిదైనచో కోపపడుటకు మనకు అధికారము లేదు. రెండవదైనచో కోపపడవలసిన పని లేదు, అడిగిన చాలును.

ఈ విద్యను మిఠాయి దుకాణమున ఆరంభించుట మేలు. దసరా దీపావళుల సందడిలో, గాజు బల్ల ముందు జనము ఒకరినొకరు త్రోసికొనుచుండగా, లోపలి కుర్రవాడు నిగనిగలాడు దళసరి అట్టడబ్బాను కాటామీద పెట్టి, అందులో కాజూ బర్ఫీ పేర్చును. ఎర్రని అంకెలు ఒక కిలో చూపగనే మూతవేసి, రబ్బరు బ్యాండు తగిలించి, మన చేతిలో పెట్టును. ఆ డబ్బా 80 గ్రాములు తూగినదనుకొనుడు. మిఠాయి కిలో 800 రూపాయలైనచో, మనము 64 రూపాయలు పోసి కాజూ బర్ఫీ ధరకు అట్టను కొనుచున్నాము. ఇంటికి పోయి ఆ అట్టను చించి పారవైతుము. సరుకును సరుకుగా, డబ్బా బరువు మినహాయించి తూచవలెననునది తూనికల చట్టము నియమము. ప్రతి ఎలక్ట్రానిక్ కాటామీదను ఖాళీ పాత్ర బరువును సున్నాగ మార్చు మీట ఒకటి ఉండును. దానిని నొక్కుటకు ఒక్క క్షణము చాలును.

ఇందు మెలకువ అంతయు అడుగు సమయమున ఉన్నది. డబ్బా కట్టి బిల్లు వేసిన పిమ్మట, "డబ్బాతో తూస్తావా? ఇంత మోసమా?" అన్నచో, వెనుక నిలిచిన పదిమంది ఎదుట ఆ కుర్రవాడు దొంగయగును, దొంగ అనిపించుకొన్న వాడెవ్వడును ఒప్పుకొనడు, వాదించును. తూచుటకు ముందు, "తమ్ముడూ, ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేసి అప్పుడు వెయ్యి" అన్నచో, అతడు మారుపలుకక మీట నొక్కును. మాట ఒకటే, అడిగిన వేళ వేరు. పైగా ఆ కుర్రవాడు నెల జీతమునకు నిలిచినవాడు. డబ్బాతో తూచుమన్న పద్ధతి అతడు పెట్టినది కాదు, గల్లాపెట్టె కడ కూర్చున్న యజమానిది. అడుగుటకు మొగమాటపడువారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను: విడిగా అమ్ము మిఠాయిల పళ్లెము కడ, అది ఎప్పటిలోగా తినదగినదో తెలుపు తేదీని ప్రదర్శింపవలెనని 2020 అక్టోబరు 1 నుండి నియమమున్నది. పాలకోవా, కలాకంద్ వంటివి కొనునపుడు బరువుకంటె ఈ తేదీని చూచుటయే ముఖ్యము. 64 రూపాయలు పోయినచో మరల వచ్చును గాని, పిల్లలకు పండుగనాడు వాంతులైనచో ఆ పండుగ మరల రాదు.

పెట్రోలు బంకున సున్నా చూచుకొనుట అందరును ఎరిగినదే. ఎరుగనిది, లేక ఎరిగియు అడుగనిది, ఐదు లీటర్ల కొలపాత్ర. తూనికలు కొలతల శాఖవారు ముద్రవేసిన అట్టి పాత్ర ప్రతి బంకునను ఉండవలెను. కొలతమీద అనుమానము కలిగిన వాహనదారుడు దానిలో పోయించి చూపుమని కోరవచ్చును. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల హెచ్చుతగ్గు సహజమని నియమములు ఒప్పుకొన్నవి. అంతకు మించి తగ్గినచో అది ఫిర్యాదునకు తగిన విషయము. టైర్లకు గాలి, త్రాగునీరు, మరుగుదొడ్డి అచట ఉచితములు.

గ్యాసు బండ విషయము కొంచెము నిదానించి చెప్పదగినది. ఇంటి బండలో ఉండవలసిన గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు దానిమీదనే వ్రాసియుండును, ఈ రెంటిని కూడినచో తూగవలసిన మొత్తము వచ్చును. తెచ్చినవాని కడ త్రాసు ఉండవలెను, అడిగినచో తూచి చూపవలెను. పై వలయమును మోయు ఇనుప పట్టీల లోపలి వైపున 'సి-27' వంటి గుర్తొకటి కనబడును. 'ఎ' అనగా జనవరి నుండి మార్చి వరకు, 'బి', 'సి', 'డి' తరువాతి మూడేసి నెలలు. 'సి-27' గల బండను 2027 సెప్టెంబరులోగా మరల పరీక్షకు పంపవలెనని భావము. ఆ గడువు తీరిన బండను గడప దాటనీయకుడు. ఇక బిల్లులోని ధరలో ఇంటికి చేర్చు కూలి కలిసియే యున్నది. అయినను లిఫ్టు లేని ఇంటి మూడవ అంతస్తునకు ఆ బరువును భుజముమీద మోసికొని వచ్చి చెమటలు తుడుచుకొనుచున్న వానికి ఇష్టపూర్వకముగ ఇరువది రూపాయలిచ్చుట వేరు, "అందరూ ఇస్తున్నారు" అని అతడు నిలబడగా భయపడి ఇచ్చుట వేరు. నేనైతే అతడు అడుగకమునుపే ఇచ్చు పక్షము.

ఇప్పుడు సినిమాకు వత్తము. వినోదశాలలో నగరవాసికి గల హక్కులు అతడనుకొనునంత తక్కువయు కావు, అతడు కోరునంత ఎక్కువయు కావు. మాల్‌లలోను మల్టీప్లెక్సులలోను బండి నిలుపు రుసుమును గూర్చి తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చిలో ఒక ఉత్తరువు వెలువరించినది. దాని ప్రకారము మొదటి అరగంట అందరికిని ఉచితము. అరగంట మొదలు గంట వరకు ఆ భవనమున ఏదేని కొనిన బిల్లు చూపినవానికి ఉచితము. గంట దాటినవానికి బిల్లుగాని సినిమా టిక్కెట్టుగాని పార్కింగు రుసుమునకు మించినదైనచో ఉచితము. రెండున్నర గంటల సినిమా చూచి వచ్చినవాని చేతిలో టిక్కెట్టు ఉండనే యున్నది. దానిని చూపక, నాలుగు చక్రముల బండికి అడిగినంత ఇచ్చి, దారి పొడవునను గొణుగుకొనుచు పోవుట ఎవరి తప్పు? ఒకే తెర గల పాత థియేటర్లకు 2021లో వేరుగ రుసుము వసూలుచేయు అనుమతి లభించినది, కనుక ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ హాలులో ఈ వాదము పనికిరాదు.

నీళ్ల విషయము సుప్రీంకోర్టు వరకు పోయినది. జమ్మూ కాశ్మీరు సినిమాహాళ్లను గూర్చిన వ్యాజ్యమున, నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహలతో కూడిన ధర్మాసనము 2023 జనవరి 3న తీర్పు చెప్పుచు, బయటి తినుబండారములను లోనికి రానీయకుండుటకు హాలు యజమానికి హక్కు గలదనియు, అయితే శుభ్రమైన త్రాగునీటిని ఉచితముగ ఏర్పాటు చేయవలెననియు, పసిపిల్లల కొరకు తల్లిదండ్రులు తెచ్చు ఆహారమును ఆపరాదనియు నిర్ణయించినది. కావున విశ్రాంతి సమయమున సీసా కొనుటకు బారులు తీరు ముందు, "మంచినీళ్ల కుళాయి ఎక్కడ బాబూ?" అని అడుగుడు; ఏదో మూల, చెత్తబుట్ట ప్రక్కనైనను, అది ఉండవలెను. సీసాయే కావలెనన్నచో దానిమీది ముద్రను చదువుడు. ఒకే సరుకునకు బయట ఒక ఎమ్మార్పీ, లోపల వేరొకటి అచ్చువేయుటను 2018 జనవరి 1 నుండి నిషేధించినారు.

పాప్‌కార్న్ మాత్రము వేరు సంగతి. అది అప్పటికప్పుడు వేయించి విడిగా అమ్మునది. దానికి ఎమ్మార్పీ లేదు. బల్లమీద వ్రాసినదే ధర. మొక్కజొన్న గింజ ఒక్కసారి పేలినంతనే దాని వెల అంత యెత్తునకు ఎగురుట నాకును రుచింపని విషయమే గాని, అందు మాట తప్పినవారెవ్వరును లేరు. ఇది కాశ్మీరు శాలువ వంటి బేరము, బేరమాడు సరదా మాత్రము లోపించినది. అందుచేత ఈ తీర్మానము హాలు ముందు చేయదగినది కాదు, ఇంటిలో చేయదగినది: పిల్లలకు కడుపునిండ పెట్టి తీసికొనిపోవుటయో, ఆ బుట్ట ధరను టిక్కెట్టు ధరలో భాగముగ ముందే కలుపుకొని నవ్వుచు కొనుటయో. బల్ల ముందు నిలిచి, ధర చదివి, పిల్లవానిని కసరి, ఆపైన కొనుట అన్నిటికంటె నికృష్టమైన పద్ధతి. డబ్బును పోవును, పిల్లవాని మొగమును చిన్నబోవును.

భోజనశాలలోను ఇట్టి తారతమ్యమే యున్నది. బిల్లు అడుగున సర్వీసు ఛార్జి అను పద్దును యజమాని తనంత తాను చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకములు వెలువరింపగా, హోటళ్లవారు ఢిల్లీ హైకోర్టునకు పోయిరి. ఆ న్యాయస్థానము 2025 మార్చి 28న ఆ మార్గదర్శకములను సమర్థించినది. "ఈ పద్దు తీసేసి బిల్లు మళ్లీ ఇవ్వండి" అను మాట చాలును. వడ్డించినవానికి మెచ్చి ఇచ్చు టిప్పు మన యిష్టము. కాని అదే బల్లమీది నీళ్ల సీసాకు ఎమ్మార్పీ మించి వేసినారని తగవుపడువారు తెలిసికొనవలసినది, కూర్చుండబెట్టి వడ్డించు హోటలు కేవలము దుకాణము కాదనియు, అచట ఆ ధర అన్వయింపదనియు సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పియున్నది. సాదా నీళ్లు అడుగుడు. ఇరానీ హోటలులో కూర్చున్నవానికి చాయ్‌కంటె ముందు గ్లాసుడు నీళ్లు వచ్చి బల్లమీద ఠంగున పడును. ఆ మర్యాదకు బిల్లు లేదు.

ఆటో మీటరును గూర్చి నా అభిప్రాయము పెక్కుమందికి నచ్చకపోవచ్చును. హైదరాబాదున 2014లో నిర్ణయించిన రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరునకు 11 రూపాయలు. ఆ తరువాత ఏండ్ల తరబడి ఆ అంకె కదలలేదు. గ్యాసు ధర, బండి కిస్తీ, పిల్లల ఫీజు మాత్రము కదలినవి. మీటరు వేయకుండుట నియమవిరుద్ధమే. అయినను ఆ నియమమును పట్టుకొని రోడ్డుమీద ధర్మయుద్ధము చేయుటకు నా మనసొప్పదు. ఎక్కకమునుపు ధర స్థిరపరచుకొని, దిగునపుడు అంతయే ఇచ్చుట ఇరువురకును గౌరవము. దిగిన పిమ్మట "ట్రాఫిక్ ఎక్కువుంది సార్, ఇంకో ముప్పయ్ ఇయ్యండి" అన్నచో, అది మాట తప్పుట, ఇయ్యనక్కరలేదు.

చేతిలోని ఫోనున జరుగు వర్తకమునకు కంఠధ్వని లేదు గనుక అందలి మాయ సులభముగ తెలియదు. మన మడుగని బీమా ఒకటి టిక్కెట్టునకు తోడుగ బుట్టలో చేరియుండును. "ఇంకా రెండే మిగిలినవి" అని ఎర్ర అక్షరములు తొందరపెట్టును. మొదట చూపిన ధరకు కడపటి మెట్టున మూడు రుసుములు తోడగును. ఒక్క వ్రేటుతో చేరిన చందా నుండి బయటపడుటకు ఏడు ద్వారములు దాటవలసియుండును. వీనికి డార్క్ ప్యాటర్న్‌లని పేరుపెట్టి, పదమూడింటిని వర్ణించి, కేంద్రము 2023 నవంబరు 30న నిషేధించినది. నిషేధించినంతనే మాయమైనవని కాదు. డబ్బు చెల్లించు మీట నొక్కుటకు ముందు పద్దులన్నిటిని వ్రేలితో క్రిందినుండి మీదికి ఒక్కసారి చదువు అలవాటు చేసికొనుడు. తొందరపెట్టు అక్షరములు కనబడినపుడు తప్పక చదువుడు.

ఇన్ని నియమములను చదివిన పాఠకుడు తన ప్రతి షికారును ఒక తనిఖీగా మార్చుకొనునేమోయని నాకు శంక కలుగుచున్నది. అట్లు కారాదు. నెలకొకసారియైనను లెక్కలతో పనిలేని వినోదమునకు పొండు. సాలార్ జంగ్ మ్యూజియమున, శుక్రవారము తప్ప తక్కిన దినములలో, గంట కొట్టుటకు కొన్ని నిమిషముల ముందు సంగీత గడియారము ఎదుట చేరు జనమును చూచినారా? పల్లెనుండి వచ్చిన రైతు, కళాశాల కుర్రవాండ్రు, చంటిబిడ్డను చంకనెత్తుకొన్న తల్లి, పరదేశి యాత్రికుడు, అందరును మెడలు చాచి కూర్చుందురు. ఒక మూల చిన్న కమ్మరి బొమ్మ క్షణక్షణమునకు సుత్తి వేయుచుండును. వేళ కాగానే చిన్న తలుపు తెరచుకొని, గడ్డపు మనిషి బొమ్మ ఒకటి వచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని మారులు గంట మ్రోగించి, మరల లోనికి పోవును. అంతమాత్రమునకే చప్పట్లు. మధ్యాహ్నము పండ్రెండింటికి పోయినవారికి పండ్రెండు దెబ్బలు. ఆ బొమ్మ మాత్రము ఎన్నడును ఒక దెబ్బ తగ్గించి తూచదు.

ఇక అడిగినను ఇయ్యనివాని సంగతి. మొదట రసీదు, అది లేనిచో తక్కినదంతయు గాలిలో దీపము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము రసీదు ఇయ్యకుండుటనే అక్రమ వ్యాపారపద్ధతిగ పరిగణించినది. "అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు" అని గోడకు వ్రేలాడదీసిన బోర్డును చూచి వెనుదిరుగకుడు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగాని, గడువు చెప్పనిచో ముప్పది దినములలోగాని వాపసు తీసికొని డబ్బియ్య నిరాకరించుట ఆ చట్టము ప్రకారమే దోషము. నచ్చలేదని, రంగు మారుగ ఉన్నదని తిప్పి పంపుట వేరు. అది దుకాణదారుని దయ.

నోటిమాట ఫలింపనిచో జాబు వ్రాయవలెను. మనవారు జాబు వ్రాయునపుడు ఆ దుకాణము పుట్టుపూర్వోత్తరములు మొదలుకొని తమ రక్తపుపోటు వరకు అన్నియు వ్రాసి, అసలు కోరినదేదో వ్రాయుట మరతురు. జాబునకు ఐదు వాక్యములు చాలును: "ఫలానా తేదీన మీ దుకాణములో ఈ మిక్సీ కొన్నాను, బిల్లు ప్రతి జతపరిచాను. పదవ రోజున మోటారు ఆగిపోయింది. రెండుసార్లు బాగుచేసి ఇచ్చినా మళ్లీ ఆగింది. పదిహేను రోజులలో కొత్తది గాని, డబ్బు గాని ఇప్పించండి. లేనిచో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను." ఇందు మోసమనుమాట లేదు, సిగ్గుచేటను మాట లేదు, అందువలననే దీనిని చదివినవాడు జాగ్రత్తపడును.

జాబునకు బదులు రానిచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనున నమోదు చేయుడు. పెక్కు తగవులు అచటనే తీరిపోవును. తీరనివానికి జిల్లా కమిషన్ ఉన్నది. చెల్లించిన మూల్యము 50 లక్షల రూపాయల వరకు గల వ్యవహారములను అది విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలు లేక స్వయముగ మాటలాడవచ్చును. అమ్మినవాడు ఢిల్లీలో నున్నను మీరు నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. మూడు నెలలలో తేల్చవలెనని చట్టము చెప్పుచున్నను ఆచరణమున అంతకు మించి పట్టుచున్నదని ముందే తెలిసికొనుట మంచిది. బ్యాంకు వ్యవహారములకు దారి వేరు: ఏటీఎం నోట్లు ఇయ్యక ఖాతాలో మాత్రము కోసివేసినచో, ఐదు దినములలో తిరిగి జమచేయనియెడల ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున బ్యాంకు చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించినది, ఆ నూరు మీరడుగకయే రావలెను, రానిచో అడుగుడు.

ఒకేమారు ఐదు తగవులు పెట్టుకొనకుడు. వానిలో పెద్దదానిని ఒక్కదానిని చేపట్టి, తక్కినవానిని విడిచిపెట్టుడు. ఫిర్యాదునకు గడువు, కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లు. మీ యింట బీరువా సొరుగులో మడతలు పడియున్న ఫ్రిజ్జు, మిక్సీ, సెల్‌ఫోను బిల్లులలో పెక్కు వేడికి అచ్చగు కాగితముమీదివి. కొన్ని నెలలలో వానిమీది అక్షరములు వెలిసిపోయి తెల్లకాగితములగును. ఈ రాత్రియే వానిని ఫోటో తీసి పెట్టుకొనుడు.